ఆఖరి ఇద్దరు

హలో… ఆ, నేనే అమ్మలూ, అమ్మని… లేదే, కావాలని ఎత్తకపోవడం కాదు. ఫోను సంచిలో పెట్టి ఇక్కడివాళ్ళకి అప్పజెప్పాను. ఇప్పుడే చేతికొచ్చింది.

…లాండ్రీలో లేను… ఎవరు చెప్పారు? మామయ్యా? …వాడి నోట్లో ఏదీ ఆగదు కదా.

ఆ, పరుగే. హాఫ్ మారథాన్… నవ్వకు… నవ్వట్లేదా? అయితే నవ్వు. నాకూ నవ్వొస్తోంది కానీ, నవ్వితే పక్కటెముకలు పట్టేస్తున్నాయి.

…పరిగెత్తింది మొదట కాసేపే. తర్వాతంతా నడకే. మొక్కజొన్న చేలు, కాలువ గట్టు, మళ్ళీ చేలు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కారులో కూర్చుని పోతే.

…డేరాలో ఉన్నాను. అయిపోయింది. అంతా సర్దేస్తున్నారు. పరుగు ముగిసే చోట గాలి కొట్టి నిలబెట్టిన పెద్ద కమానుని మా కళ్ళముందే పడుకోబెట్టేశారు. కుర్చీలు లారీకెక్కిస్తున్నారు. మేం కూర్చున్న రెండూ వదిలేశారు, పాపం.

…మేం అంటే… చెప్తాను. ముందు కాళ్ళ సంగతి అడగవేం? …బొబ్బలు. బొటనవేలి గోరు నల్లబడింది. రోజంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే కాళ్ళు కదా, ఇదో లెక్కా అనుకున్నాను. నిలబడ్డం వేరు, నడవడం వేరు.

…ఎవరికోసం పెట్టారంటే… ఆసుపత్రి కోసంలే…

ఏ ఆసుపత్రి అంటే ఏం చెప్పను…

ఆ. అదే. ఆ పసిపిల్లల వార్డుకే. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళని పెడతారే గాజు పెట్టెలు, అవి కొత్తవి కొంటారట… అందుకే నీకు చెప్పలేదు… దాచాలని కాదు తల్లీ. చెప్తే ఆ రోజంతా నీకు పని సాగదని.

…అలా అంటావేం? పాప పోయాక నువ్వు ఊరు మారిపోయావు. మంచి పనే చేశావు. నా బస్సు మాత్రం రోజూ ఆ వార్డు ముందు నుంచే పోతుంది. ఐదేళ్ళుగా తల అవతలికి తిప్పుకుని కూర్చుంటున్నాను. మెడనొప్పి తప్ప మిగిలిందేం లేదు. ఒక్కసారి దానికోసం నడిచి చూద్దాం అనిపించింది.

…ఉన్నావా? …సరే, మెల్లగా. నేనెక్కడికీ పోను. లేవలేను కూడా.

అసలు సంగతి ఇది కాదు. మధ్యలో పెట్టేయకూడదు… మాటివ్వు… ఊఁ.

అక్కడ మీ అత్తగారు కనిపించారు.

…అదేలే, మాజీ అత్తగారు. హెడ్మాస్టరమ్మ… పెట్టేయనన్నావు… ఆ.

నాకేం తెలుసు? మొదట్లో అంతా గుంపు. కాలువ మలుపు దాటాక వెనక్కి తిరిగితే నా వెనక ఒకావిడ, ఆవిడ వెనక జీపు. నడవలేనివాళ్ళని ఎక్కించుకోడానికి ఒక జీపు పంపిస్తారులే, ఆఖరున. ఎవరో పెద్దావిడ, పాపం అనుకున్నాను. ఇంతలో టోపీ తీసి చెమట తుడుచుకుంది. ఇంకెవరు! ఎండలోనూ బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టే నిలబడింది.

…ఏం చేస్తాను, నడక పెంచాను… అవునే, పారిపోయాను. ఈ వయసులో, ఆ ఎండలో. నేను పెంచితే ఆవిడా పెంచింది. తరుముకొస్తోంది అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ నన్ను చూడనే లేదట, జీపుకి దొరక్కుండా పారిపోతోందట.

మంచినీళ్ళ బల్ల దగ్గర దొరికిపోయాను. గొర్రెల మంద అడ్డం వచ్చింది… గొర్రెలే! రోడ్డు నిండా. ఎటు పోతాం? నేనొక పక్క, ఆవిడొక పక్క, చేతుల్లో నీళ్ళ గ్లాసులు. ఎంతసేపని గొర్రెల్ని చూస్తాం?

…ఏమంటుంది? 'వదినగారూ, మీరూ వచ్చారా' అంది. వచ్చానన్నాను… అంతే… నువ్వైతే అక్కడే కడిగేసేదానివి, తెలుసు. నా దగ్గర మాత్రం మాటల్లేవా? నా పిల్ల పచ్చి బాలింత, కడుపుకోతతో నేలమీద పడి ఏడుస్తుంటే, నీ కొడుకుని వెంటేసుకుని ఎలా వెళ్ళిపోయావని… అన్నీ గొంతుదాకా వచ్చాయి. నీళ్ళు తాగాను. వాటితోపాటే దిగిపోయాయి.

…చేతకాదనుకో. అనుకో, ఏం పర్లేదు.

ఇంతలో ఆవిడ మోకాలు పట్టేసింది. బంతిలా వాచింది. జీపతను దిగొచ్చి 'ఎక్కండమ్మా' అన్నాడు. ఎక్కనంది. ఇదే సందు కదా అని నేను ముందుకి కదిలాను… అవును, వెళ్ళిపోదామనే. అప్పుడు వినపడింది. 'నా మనవరాలు ఆ వార్డులో ఉండేది బాబూ, నేను నడిచే వెళ్తాను' అంటోంది అతనితో.

నా మనవరాలు అంది…

ఆ… ఆ ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటారని నేననుకోలేదు. నువ్వనుకున్నావా?

వెనక్కెళ్ళి చెయ్యందించాను. పట్టుకుంది. మనిషి పుల్లలా ఉంటుంది గానీ, భుజం మీద వాలితే తెలిసింది బరువు.

చాలా దూరం అలాగే నడిచాం. ఉన్నట్టుండి 'పాప గడ్డం మా ఆయనదండీ' అంది.

…నిజంగా! నాకు ఒళ్ళు మండింది. గడ్డం మాదేనండీ, మా అమ్మది అన్నాను. ఆ సొట్ట చూడలేదా అంటే, సొట్టే మా వాళ్ళది అంటుంది. ఇటు చేలు, అటు చేలు, మధ్యలో ఒకరి భుజం ఒకరం పట్టుకుని పోట్లాట. జీపతను వెనకాలే నత్తలా వస్తూ అంతా వింటున్నాడు. ముక్కు దగ్గర ఇంకా పెద్ద గొడవైంది. వేళ్ళు పొడుగ్గా ఉండేవని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం… జుట్టా? జుట్టు దగ్గర వాదించలేదు. అంత ఒత్తు జుట్టు వాళ్ళ వంశంలో లేదు. 'అది మీ అమ్మాయిదే' అంది.

…అమ్మలూ.

…ఏడువు, ఫర్లేదు. నేనున్నాను.

…ఒక్కటి చెప్పనా? పాప గురించి నేను నోరు తెరిచి మాట్లాడింది ఇవాళే. నీ దగ్గర ఎత్తితే గదిలోకెళ్ళి తలుపేసుకుంటావు. మీ నాన్న దగ్గర ఎత్తితే టీవీ సౌండు పెంచుతారు. తప్పనట్లేదు. కానీ నేనెవరితో అనను? దాని ముక్కు ఎలా ఉండేదో గుర్తున్న మనిషి ఇంకొకరు దొరికారు… ఆవిడే అయితే మాత్రం ఏం?

…క్షమించానని ఎవరన్నారు? నువ్వూ క్షమించక్కర్లేదు. ఆవిడా అడగలేదు. ఇవాళ కోపం మోసే ఓపిక లేదు నాకు, అంతే.

…ఇక్కడే, పక్క కుర్చీలో. నర్సమ్మ మోకాలికి ఐసు మూట కట్టి వెళ్ళింది. కళ్ళు మూసుకుంది, నిద్ర కాదు… వినపడితే వినపడనీ… కొడుకు వస్తున్నాడట తీసుకెళ్ళడానికి… ఆ, అతనే… పలకరిస్తే పలుకుతాను, లేకపోతే లేదు. ఆవిణ్ణి కారెక్కించి నా దారిన నేను పోతాను… తిన్నానే. పతకాలు అయిపోయాయని చెరో రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టారు.

…ఏంటి? …ఉండు, లారీవాడు ఒకటే హారను… ఆ, ఇప్పుడు చెప్పు.

…కళ్ళా?

…పాప కళ్ళు… ఎవరి పోలికంటే…

నాకు తెలీదమ్మా. నేను చూసినప్పుడల్లా మూసుకునే ఉండేది. కామెర్ల లైటు కింద పెట్టారని కళ్ళమీద ఆ పట్టీ… నువ్వూ అంతే కదా. నువ్వు చూసేసరికే పట్టీ వేసేశారు.

…పుట్టినప్పుడా? నేను నీ దగ్గరున్నాను, నీకింకా మత్తు దిగలేదు. లోపలికి ఒక్కరినే రానిస్తామంటే ఆవిడ వెళ్ళింది… ఆవిడొక్కతే… ఆ, అప్పటికి పట్టీ లేదనుకుంటా.

…తెరిచిందో లేదో నేనెలా చెప్పను? ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

…నేను అడగనా? …నువ్వా? …నువ్వే అడుగుతావా?

…నిజంగానేనా? గొంతు పెంచకూడదు మరి. ఆవిడ బాగా అలిసిపోయింది… సరే… సరే తల్లీ, లైన్లోనే ఉండు.

వదినగారూ… వదినగారూ, కళ్ళు తెరవండి. మీకే ఫోను… మా అమ్మాయి… అవును, అదే… తిట్టదండీ. పాప కళ్ళ గురించి అడుగుతుందట…

లేవకండి, ఐసు మూట జారిపోతుంది. ఫోను నేను పట్టుకుంటాను, మీ చెవి దగ్గర…

ఆ. మాట్లాడండి.