కుడిచేతి బొటనేలు

ధర్మవరంలో ఒక మగ్గం ఇల్లు. హిందూపురంలో కాపురముంటున్న చెల్లెలు సోమక్క ఆ మధ్యాహ్నమే బస్సు దిగి, పుట్టింటి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి ముందు అక్క ఈరక్క కూర్చుని ఉంది.

"పొయ్యి మీద పెనం లేదు, చట్టి లేదు. ఆ అట్లకాడ మంటలో యాల పెట్టినావక్కా?"

"బాగా కాలనీ."

"యాలకు?"

"నీ బిడ్డ సంగతి చెప్పు ముందు. పండ్ల డాక్టరమ్మ ఏమనింది?"

"వెన్నెలకు ముందుపండ్లు బయటికి తోసుకొచ్చినాయంట. నోరు మూసినా పైపండ్లు, కిందపండ్లు కలవడంలేదు. నడుమ సందు. దోసె కూడా కొరకలేదు, పక్కపండ్లతో పీకుతాది. ఏలు చీకీ చీకీ అంగిలి గూడా ఇరుకైపోయిందనింది."

"ఏం చేసింది దానికి?"

"అంగిలికి కమ్మి కట్టింది. ఏలు పెట్టుకుంటే అడ్డమొస్తాది. నాలుగేండ్లప్పుడే మాన్పించింటే పండ్లు వాటంతటవే సర్దుకునేవంట. ఇప్పుడు ఏడు నిండినాయి కదా, వచ్చేవి పాలపండ్లు కావు, గట్టిపండ్లు."

"కొట్టమనిందా?"

"అయ్యో, తిట్టను గూడా వద్దనింది. భయపడితే ఇంకా ఎక్కువ చీకుతారంట. చీకని దినం చీటీ మీద ఒక చుక్క పెట్టి, మెచ్చుకోమనింది."

"చుక్కంట, చుక్క! నాకు పెట్టింది ఏం చుక్కనో తెలుసా?"

"అక్కా, మళ్లా అది ఎత్తొద్దు."

"చూడు. చూడు ఈ బొటనేలు. వంగుతాదా? పోగు తెగితే ముడి వేయలేను. అందురూ మగ్గమెక్కిరి, నేను కండెలు చుట్టుకుంటా మూల కూచుంటి."

"తెలుసక్కా."

"నీకేం తెలుసు? ఏలు నోట్లో పెట్టుకోని నిద్రపోతాంటి. మంటకు లేచి చూస్తే ఆ ముసిల్ది, మన అవ్వ, కాలిన అట్లకాడ పట్టుకోని నిలబడుకోనుండాది. 'నేనే పెట్టినా, ఇంక చీకొద్దు' అనింది. కంట్లో నీటిచుక్క లేదు."

"పోనీలే అక్కా..."

"మానితినా? ఎడమచేతి ఏలు చీకితి. దుప్పటి కింద దూరి చీకితి. పండ్లు ఎట్లాగూ బయటికి రానే వచ్చె. ఈపొద్దుకీ కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వలేను."

"సరే. ఇప్పుడు ఆ అట్లకాడ ఎవురికి?"

"పోయి పడసాలలో మంచం మీద అవ్వను చూడు. మూడు నెల్లాయె దానికి మతి తప్పి. పొద్దస్తమానం ఏం చేస్తాదో తెలుసా? బొటనేలు చీకుతాది! ఒక పన్ను లేదు నోట్లో, చంటిబిడ్డ మాదిరి చీకుతాది!"

"నవ్వుతాండావా?"

"నవ్వకుంటే? నా చేతికే తెచ్చిచ్చినాడు కదా దేవుడు. కడిగేది నేను, తినిపించేది నేను. సంగటి గట్టిగా చేసి పెడతా. మింగలేక కండ్లనీళ్లు పెట్టుకుంటే ఎదురుగా కూచోని చూస్తా."

"నువ్వేనా అక్కా ఈ మాట అనేది?"

"నేనే. ఇన్నేండ్లు కాచుకోనుండా. తప్పుకో, పడసాలలోకి పోనీ నన్ను."

"ఎర్రగా ఉండాది అది. దించు."

"ఒకటే సోమీ. ఒక్కటే వాత. నాకు పెట్టిందే తిరిగిస్తా, ఎక్కువ పెట్టను."

"అవ్వా! నోట్లోంచి చేయి తీయవ్వా!"

"అమ్మా... అమ్మా..."

"ఇన్నావా? ముసిల్ది 'అమ్మా' అంటాండాది. నేనూ అట్లే అరిస్తి. ఎవురొచ్చిరి? అమ్మ నీళ్లకు పోయినప్పుడు చూసి పెట్టింది ఇది. అమ్మ ఇంట్లో ఉండింటే నా ఏలు ఇట్లయ్యేదా?"

"అమ్మ నీళ్లకు పోలేదక్కా."

"ఏమి?"

"ఇంట్లోనే ఉండె."

"నీకప్పుడు నాలుగేండ్లు. నీకేం తెలుసు?"

"అమ్మే చెప్పింది. పెనుకొండ ఆసుపత్రిలో, పోయే ముందుదినం. నువ్వు మాత్రలకు పోయింటివి."

"ఏం చెప్పింది?"

"ముందు అది కింద పెట్టు."

"ఏం చెప్పింది సోమీ!"

"వాత పెట్టింది అమ్మ."

"నోరు ముయ్!"

"నాయన రోజూ కొడతాండె అమ్మను. 'బిడ్డ నోరు వంకరపోతాంది, మాన్పించడం చేతకాదా నీకు' అని. ఆపొద్దూ కొట్టి పోయినాడంట. ఆ కోపంలో పెట్టేసింది. అవ్వ ఉరికొచ్చి అట్లకాడ గుంజుకోని, అమ్మను బయటికి తోసేసింది. అంతలో నువ్వు కండ్లు తెరిస్తివి."

"అబద్ధం. అబద్ధం చెప్తాండావు, ఈ ముసిల్దాన్ని కాపాడాలని."

"వెన్నెల మీద ఒట్టు."

"...మరి ఇన్నేండ్లు... ఇన్నేండ్లు యాల చెప్పలేదే? నువ్వు చెప్పలే, అవ్వ చెప్పలే. దాని మొగం మీదే తిట్టితి కదా నేను, ఒక్క మాట అనలేదే!"

"చెప్పొద్దని అప్పుడే అమ్మతో, అమ్మ పోయినాక నాతో ఒట్టేయించుకునింది అవ్వ. 'అమ్మే కాల్చిందని తెలిస్తే, బిడ్డ ఇంకెవురి ఒళ్లో పండుకుంటాది? నన్ను తిట్టుకోనీలే' అనింది."