నానమ్మ రంగు కుదిరిన ఫోటో

"చిన్నతాతయ్యా, గోడ మీదున్న చిన్న నానమ్మ ఫోటో మీరే ఇంట్లో కడిగారంట కదా?"

అవునమ్మా, నేనే. ఆ పక్కన సామాన్ల గది లేదూ, అందులోనే. రైస్ మిల్లులో గుమస్తా పని చేసేవాణ్ణా, ఆదివారం వచ్చిందంటే ఫోటోల పిచ్చి. అప్పుడన్నీ బ్లాక్ అండ్ వైటేలే. ఎర్రబల్బు వేసుకుని నేను కడుగుతుంటే, మీ చిన్న నానమ్మ బకెట్టు బోర్లించుకుని కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది. "ఏవండీ, మీ అన్నయ్యగారి కళ్ళజోడు వచ్చింది, ముక్కింకా రాలేదు" అనేది. ట్రేలో బొమ్మ మెల్లిగా తేలేది కదా, అదీ.

పంతొమ్మిదొందల తొంభైల్లో తను పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం... సర్లే, అదొద్దు. తనది పెద్దాపురం మరిడమ్మ జాతరలో మా బావమరిది తీసిన కలర్ నెగటివ్ ఒక్కటి మిగిలింది. ల్యాబులో ఇస్తే మొహం ఎర్రగా వచ్చింది, కుంకం పూసినట్టు. ఆకుపచ్చ చీర కాస్తా నల్లబడింది. "మిషన్లో అంతేనండి" అన్నారు. ఇంటికి తెచ్చుకుంటే ఎవరో పరాయామె నన్ను చూస్తున్నట్టుండేది. బీరువాలో పెట్టేశాను.

అందుకని నేనే కడుగుదామనుకున్నా. పేపరు రాజమండ్రిలో కొన్నాను, కెమికలేమో విజయవాడ... కాదు కాదు, మెడ్రాసు నించి తెప్పించా. కలర్ పేపరుకి ఎర్రబల్బు కూడా పనికిరాదమ్మా. కటిక చీకటి. అంతా తడుముకోవడమే. అలవాటు చొప్పున బకెట్టు వైపు తిరిగి మాట్లాడేవాణ్ణి చూడూ... చీకట్లో తెలీదుగా, ఉందో లేదో. తీరా లైటేస్తే కాయితం మీద బొమ్మ లేదు, బురద రంగే. మళ్ళీ వేశా, మళ్ళీ బురదే. నెగటివే పాడైపోయిందేమోనని భయం పట్టుకుంది. అదీ పోతే ఇంకేముంది నాకు?

చివరికి పేపరు కవరూ, కెమికల్ డబ్బా పట్టుకుని రాజమండ్రి బస్సెక్కా. కొట్టాయన రెండూ చూసి, "పేపరు కొత్త రకమండి, ఈ కెమికలేమో పాత పేపరుకండి. రెండిటికీ పడదండి" అన్నాడు. అంటే నెగటివ్ బానే ఉందన్నమాట! ఆ కొట్టు మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. సిగ్గేముందిలే.

దానికి తగ్గ కెమికల్ తెచ్చాక బొమ్మ వచ్చింది. రంగు కుదరడానికి ఇంకా చాలా తంటాలు పడ్డా. పసుపు ఎక్కువొస్తే పసుపు ఫిల్టరే ఇంకాస్త పెంచాలి, అదో తిరకాసు. ఒకనాటికి కుదిరిందనిపించింది. కానీ నా కళ్ళని నేనే నమ్మలేదు. తన రంగు ఇదీ అని చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషి లేడు కదా.

అప్పుడు వీధిలో సత్తెమ్మ కేక వినపడింది. మొగల్తూరు నించి చేపలు తెచ్చి అమ్మేది. మీ నానమ్మ పోయాక మా గుమ్మం ముందు మాత్రం కేకెయ్యకుండా, తలొంచుకుని వెళ్ళిపోయేది. పిలిచాను. తడి ఫోటో చూపించి, "రంగు సరిగ్గా ఉందా?" అన్నా. చేతులు కొంగుకి తుడుచుకుని చాలాసేపు చూసింది. నాతో కాదమ్మా, ఫోటోతోనే అంది: "అమ్మగారండీ, ఇయ్యాల చందువాలు బాగున్నాయండి. అయ్యగారికి ఇమ్మంటారా?"

చేప తనే బాగుచేసి ఇచ్చింది. పులుసులో మావిడికాయ ఎప్పుడెయ్యాలో గుమ్మంలో నించునే చెప్పింది. చాన్నాళ్ళకి ఆ పూట కడుపు నిండా తిన్నాను. మర్నాటి నించి మా గుమ్మం ముందు కూడా కేకేసేది.

నిన్ను పిలిచే గొంతులకి లోటు లేకుండా బతకాలి తల్లీ నువ్వు... అదీ, ఇంకేం చెప్తాను...