అరిగిందని చెప్పమంటావా

నీ గొంతంటే నాకు పడదు బాబాయ్. ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు, ఇవాళ నీతోనే అంటున్నా. హామ్ రేడియో మైకు ముందు కూర్చుంటే చాలు, తేనె పూసినట్టు మాట్లాడతావు. సముద్రాలవతలి వాళ్ళకి నీ యాంటెన్నా పొడుగు చెప్పి మురిసిపోతావు. అదే గొంతుతో మొన్న పెద్దాయన దగ్గర అడిగి తెచ్చుకున్న ఈ రేడియో ట్యూబు నా బల్ల మీద పెట్టి, "కాస్త అరిగిందమ్మా, బాగుచేసి పెట్టు" అన్నావు.

అరగడమా.

కూర్చో. స్టూలు మీద సామాను కింద పెట్టి కూర్చో. ఇలా దీపం దగ్గరికి వంగి చూడు. గాజు లోపల ఈ నల్లమచ్చ కనిపిస్తోందా? తీగ కుంగిపోయి పక్కనున్న జాలీకి, అదే గ్రిడ్డుకి, అతుక్కుంది. మీటరు పెడితే నేరుగా షార్టు.

అరిగిన ట్యూబు ఇలా ఉండదు. ముసలివాళ్ళలా రోజుకింత నీరసపడుతుంది. దానికి నా దగ్గర వైద్యముంది. హైవోల్టేజి జోలికి పోకుండా, తీగనొక్కదాన్నే మామూలుకన్నా కాస్త వేడిగా వెలిగిస్తే లోపల దాగిన సత్తువ పైకొస్తుంది. అరిగినదాన్ని లేపగలను. నువ్వు తగలబెట్టినదాన్ని లేపడం నా తరం కాదు.

ఇది నీకిచ్చేటప్పుడు పెద్దాయన ఏం చెప్పాడు? నా ఎదురుగానే కదా. "ఏళ్ళ తరబడి బీరువాలో ఉంది, లోపల గాలి చేరుంటుంది. ఓ పగలూ రాత్రీ తీగ మాత్రం వెలగనివ్వండి, ఆ తర్వాతే హైవోల్టేజి" అని పసివాడికి చెప్పినట్టు రెండుసార్లు చెప్పాడు. నువ్వు తలూపావు. గంగిరెద్దు నయం, తలూపాక చెప్పినట్టు చేస్తుంది.

రేడియో పోటీ మొదలైపోతోందని నీ ఆంప్లిఫయర్లో పెట్టి నేరుగా హైవోల్టేజి స్విచ్చి నొక్కేశావు. టీ తాగినంతసేపైనా ఆగావా?

ఆగలేదు. అంతేలే.

సామానంతా అమ్మేసినా తన పాత రేడియో సెట్టూ, దానికి మారుగా దాచిన ఇదొక్కటీ ఉంచుకున్నాడాయన. చూపు మందగించాక ఆయనకి మిగిలింది ఆ సెట్టులో మాట్లాడుకునే నాలుగు మాటలే. పోటీ అవగానే తెచ్చిస్తానన్నావని తువ్వాల్లో చుట్టి నీ చేతిలో పెట్టాడు. ఇప్పుడేమో "పాతది కదా, దానంతటదే పోయిందని చెప్పు, నీ మాటైతే నమ్ముతాడు" అంటావు.

నమ్ముతాడు బాబాయ్. అదేగా నీ ధైర్యం.

సోల్డరింగ్ నేర్పింది నువ్వే, కాదన్నానా? ఆ ఒక్క ముక్కని ఎన్నేళ్ళు అరగదీస్తావు? నా వేలు కాలితే ఊదింది కూడా నువ్వే. అందుకే ఇంకా స్టూలేసి కూర్చోబెట్టాను.

నిన్న సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. నేనెత్తలేదు. దొంగకి కాపలా కాస్తున్నట్టు, మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చున్నా. నిన్ను అనాల్సిన మాటలన్నీ అన్నాను గానీ, ఆ కాసేపూ నీకూ నాకూ తేడా ఏముంది?

లేవకు. ఫోను నీ మోచేతి దగ్గరుంది, ఇలా ఇవ్వు. పెద్దాయనకి చేస్తున్నా. లోకమంతటినీ "నా మాట వినపడుతోందా" అని అడుగుతావుగా. ఆయన ఎత్తాక నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?