అదనం గారు, అటక మీద తుమ్ము

పెద్ద వరద వచ్చిన ఏడాది, ఆఫీసు మెట్ల మీద బురద ఇంకా ఆరకముందే, చెప్పులు చేత పట్టుకుని లోపలికి వచ్చి ఉద్యోగంలో చేరిన మన వసూళ్ల అధికారి గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు. వారి సేవను కృతజ్ఞతతో స్మరించుకోవడం సహోద్యోగులందరి విధి.

తొలుత వారు కౌంటరులో రసీదులు రాశారు. పిమ్మట, రోడ్డు నియమాలు తప్పి, జరిమానా కట్టక, దానిపై పడిన అదనపు రుసుమూ కట్టక తిరిగే డ్రైవర్ల ఇళ్లకు వెళ్లే పని వారికి అప్పగించారు. ఆ పని ఎవరికీ గిట్టేది కాదు. గుమ్మంలో తిట్లు, వెనుదిరిగితే శాపనార్థాలు. డ్రైవర్లు వారికి "అదనం గారు" అని పేరు పెడితే, "అసలు పేరుకన్నా దీనికే నోరు బాగా తిరుగుతోంది, ఉండనీ" అన్నారు. అధికారం చేతనున్నా అహంకారాన్ని దరిచేరనివ్వక, ఇరుగుపొరుగు వినేలా ఏనాడూ బాకీ మాట ఎత్తని సంస్కారం వారిది. ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచినీళ్లు అడిగేవారు. నీళ్లిచ్చిన చేత్తో ఎవరూ తలుపు మొహాన వెయ్యరని వారి నమ్మకం.

ఒక పాల వ్యాను డ్రైవరు సంగతి చెప్పాలి. మర్నాడు మధ్యాహ్నంలోగా మొదటి వాయిదా కట్టకపోతే అతని లైసెన్సు రద్దవుతుంది. అది పోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. ఆ మాట చెప్పి రావాలని అధికారి గారు వెళ్లారు.

"ఆయన ఊళ్లో లేరండి" అంది ఇల్లాలు, నీళ్ల గ్లాసు అందిస్తూ.

అటక మీద ఎవరో తుమ్మారు.

అధికారి గారు తలెత్తలేదు. నీళ్లు తాగి, గ్లాసు తిరిగిచ్చి, "ఊళ్లో లేనాయనకి చిరంజీవ అన్నానని చెప్పమ్మా" అన్నారు.

"పిల్లి అయ్యుంటుందండి."

"పిల్లికైనా చెప్పు. రేపు మధ్యాహ్నం దాటితే లైసెన్సు పోతుంది. అటక ఎక్కడానికి అక్కర్లేదు గానీ, వ్యాను ఎక్కడానికి కావాలి మరి."

అటక మీంచి గొంతు వినిపించింది. "మొత్తం ఒకేసారి కట్టాలాండీ?"

"పిల్లికి మాటలొచ్చాయే. వాయిదాల్లో కట్టొచ్చు నాయనా. ముందు దిగు, ఆ దుమ్ముకి జలుబు చేస్తుంది."

అతను నెత్తిన బూజుతో దిగాడు. "లైసెన్సు పట్టుకుపోతారనుకున్నానండి."

"పట్టుకుపోయి ఏం చేసుకోను? నాకు సైకిలే రాదు."

"ఆఫీసుకి ఒక్కణ్ణీ రావాలంటే భయమండి."

"ఒక్కడివీ రాకు."

లైసెన్సులు లాక్కోవడం తేలిక, వాటిని నిలబెట్టి బాకీ వసూలు చేయడం కష్టం. ఆ కష్టమైన దారినే నడిచి, పెద్ద పదవికి ఎదిగారు వారు. "ఊరందరి బాకీలూ వసూలు చేస్తారు, ఇంటికి బాకీపడ్డ ఆదివారాలు ఎవరు కడతారు?" అంటూనే ఇన్నేళ్లూ ఓర్చుకున్న వారి శ్రీమతి గారికి ఈ ఆఫీసు రుణపడి ఉంది. ఇకపై ఆ ఆదివారాలు అదనంతో సహా చెల్లాలి. వారి ఆరోగ్యం చెక్కుచెదరకుండా, ఆయుష్షు మాత్రం కట్టని జరిమానాలా ఏటేటా పెరుగుతూ పోవాలి.

ఇక ఆ మర్నాటి సంగతి. పొద్దున్నే అధికారి గారు ఆఫీసు జీపు వద్దని పంపేసి, ఆ ఇంటికి నడిచి వెళ్లి, పాల క్యాన్ల వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని, వాయిదా కట్టించడానికి అతనితో ఆఫీసుకి బయలుదేరారు. కూడలిలో ఎర్ర దీపం పడింది. ముందూ వెనకా మనిషి జాడ లేదు. అయినా వ్యాను ఆగింది. కిటికీలోంచి దుమ్ము కొట్టి అధికారి గారు గట్టిగా తుమ్మారు.

డ్రైవరు దీపం మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"చిరంజీవ."

మన అందరి మాటా అదే.