రత్నాకరన్న పేర్లు పెట్టిన మిషన్లు

నేను ఇంతకు ముందు ఏదీ రాయలేదు. ఐదో తరగతితోనే నా బడి బందైంది. నాంపల్లి కోర్టు ముంగట జిరాక్స్ దుకాణంల పని చేస్త. మా కాడ రెండు ప్రింటర్లు, కిటికీ పక్కది నలుపు తెలుపుది, తలుపు పక్కది కలర్‌ది. కంప్యూటర్‌ల వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసి ఒక్క తీరుగనే కనిపిస్తయి. మొన్న నేను తప్పు పేరు నొక్కితే వకీలు సాబు మామూలు కాయితాలు కట్టంత కలర్ మిషన్ల పడ్డయి, రంగు ఖర్చు దండుగైంది. ఇంకోసారైతే పనికి రాకమ్మా అన్నది మా ఓనరు అనురాధ మేడం.

ఆ బుగులుతోనే సాయంత్రం పోశవ్వ చాయ్ బండి కాడ నిలబడ్డ. ఆబిడ్స్‌ల మౌసులు, కీబోర్డులు అమ్మే రత్నాకరన్న చెవుల తీగ లేని ఇయర్‌ఫోన్ పెట్టుకొని చెప్తున్నడు.

"మొదలు మా దుకాణం ప్రింటర్ ఒక్కదానికే పేరు పెట్టిన. కంప్యూటర్‌ను అడిగిన, ఏందిర గీ అంకెలు, మనిషి పిలిచే పేరు సూపియ్యాలె, లోపలి తిప్పలు నువ్వు పడు, మాకు చెప్పకు అని. ఔ అన్నది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆబిడ్స్‌ల మిషన్లన్నీ లైను కట్టినయి, అన్నా మాకు గూడ పెట్టు అనుకుంట. పెట్టుకుంట పెట్టుకుంట నాంపల్లి టేషన్ల పడ్డ. రైలింజన్‌కు లచ్చవ్వ అని పెట్టిన. మౌసుతోని గట్ల పట్టి కాచిగూడల ఇడిస్తే పోయి నిలబడ్డది."

"మరి లోపలి మనుషులో?" అన్నడు ఆటో బిచ్చయ్య తాత.

"నిద్రల నుంచి లేవలే తాతా. గంతెందుకు, చందమామ గూడ నా స్క్రీన్ మీదికొచ్చిండు. బంద్ చెయ్యాల్నా అని అడిగింది కంప్యూటర్. జర ఆగు, పున్నమి పోనీ అన్న."

అప్పుడే అన్న ఫోన్ మోగింది. దర్జాగ హలో అన్నడు. చెవుల ఏం వినరాలే. పోశవ్వ బండి మీది పాటల డబ్బాల నుంచి ఆయన పెండ్లాం గొంతు వచ్చింది.

"టమాటలు తెమ్మంటే ఏడ కూసున్నవయ్యా? ఈడ పొయ్యి మీద గిన్నె మాడబట్టె."

పోశవ్వ గ్లాసులు కడుక్కుంటనే అన్నది. "నిన్న పాటలు పెడితివి గద బిడ్డా, నీ ఫోన్ ఇంకా మా డబ్బానే పట్టుకున్నది. చందమామ సంగతి తర్వాత, ముందుగాల నీ చెవుల ఉన్నదెవరో నీ ఫోన్‌కు చెప్పు."

అందరు పడి పడి నవ్విన్రు, అన్న గూడ. నేను కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన. కానీ మనిషి పిలిచే పేరు సూపియ్యాలె అన్న మాట ఒక్కటి మనసుల ఉండిపోయింది. గది మాత్రం కోతల మాట అనిపియ్యలే.

తెల్లారి మేడం రాంగనే అడిగిన. "మేడం, గీ ప్రింటర్ల పేర్లు తెలుగుల మార్చనీకొస్తదా?"

"ఏమని పెట్టాలె?"

"ఒకటి కిటికీ పక్కది, ఒకటి తలుపు పక్కది."

మేడం నా దిక్కు జూసి, కూసొని మార్చింది. మొదటి గిరాకి మామూలు కాయితం ఇచ్చిండు. నేను ఎవర్నీ అడగకుంట కిటికీ పక్కది నొక్కిన.