ఓడ రంగు ఊడదీసింది నేనే

నన్ను అందరూ పెద్దకోడలు అనే పిలుస్తారు. వయసు నలభై రెండు. మామయ్య నమూనా బొమ్మల దుకాణంలో పదహారేళ్లుగా రంగులు వేస్తున్నాను. ఫిర్యాదు చేసినామె నా తోడికోడలు. ఆమె పనిలోకి వచ్చి మూడేళ్లే అయింది. మూడేళ్లే ఎస్సై గారూ, అది కూడా రాసుకోండి.

గురువారం సాయంత్రం మామయ్య ఆమె రంగులు వేసిన నమూనా ఓడను, రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినదాన్ని, చేతిలోకి తీసుకుని, మా ఆయనతో, "చిన్నదాని చేతిలో ఏదో ఉందిరా. మ్యూజియం వాళ్లకి ఇది నచ్చిందంటే ఇక దుకాణం తనే చూసుకుంటుంది" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడనైనా లేదు. నాకు కడుపు మండిపోయింది.

మ్యూజియం వాళ్లు ఆ ఓడను చూడడానికి శనివారం పదింటికి రావాలి. ఆ ఉదయం ఆరుంబావుకు నేను దుకాణం తెరిచాను. కిటికీలు తీసి, గ్లవ్స్ వేసుకున్నాను. ముందు ఓడ అడుగున, కనపడని చోట, ఐసోప్రొపైల్ స్పిరిట్ దూదితో అద్ది చూశాను. రంగు ఊడింది, రెజిన్‌కు ఏమీ కాలేదు. అప్పుడు ఒక్కో భాగాన్నీ విడదీసి స్పిరిట్‌లో ముంచి, ఐదు నిమిషాలకోసారి తీసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్ది, సబ్బునీళ్లతో కడిగాను.

పాడుచేయాలనుకుంటే థిన్నర్ పోస్తే పోయేది కదా అని మీరు అడిగారు. థిన్నర్‌కు రెజిన్ మెత్తబడిపోతుంది. నా కోపం ఆమె మీద, ఓడ మీద కాదు.

ఎనిమిదిన్నరకు పొగగొట్టం రంగు ఊడింది. నెల క్రితం ఓడ విడిభాగాలు వచ్చిన పెట్టెలోంచి తీస్తూ ఆ పొగగొట్టాన్ని విరగ్గొట్టింది నేనే. జిగురు పెట్టి, లప్పం పూసి, ఏమీ ఎరగనట్టు ఆమె బల్ల మీద పెట్టాను. తర్వాత ఊడితే మాట పడేది ఆమేననుకున్నాను. ఇప్పుడు చూస్తే నా లప్పం లేదు. అడుగున సన్నని ఇత్తడి తీగ కొస కనిపించింది. అతుకు వేలికి కూడా తగల్లేదు. లోపల తీగ గుచ్చి ఆమే మళ్లీ అతికించింది. అంటే నేను విరగ్గొట్టి దాచిన సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ మామయ్యకు చెప్పలేదు.

అది చూశాక నా మనసు కరిగిందనుకుంటారేమో. లేదు. ఇంకా మండింది. మిగతా రంగంతా తీసేశాను.

తొమ్మిదీ నలభైకి ఆమె వచ్చింది. ఓడ భాగాలన్నీ తిప్పి తిప్పి చూసి, "ఎక్కడా గీత కూడా పడలేదక్కా" అంది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఫిర్యాదులో పొగగొట్టం సంగతే లేదని మీరు చదివినప్పుడు తెలిసింది. అందుకే నా అంతట నేను రాయిస్తున్నాను. నన్ను కాపాడిందన్న మంచిపేరు కూడా ఆమెకే దక్కడం నాకు ఇష్టం లేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అబద్ధం లేదు, ఎవరి బలవంతమూ లేదు.

(సంతకం)