భుజాల ఎత్తు

ఎడిలైడ్ దగ్గర మరీ బ్రిడ్జ్ అనే ఊళ్ళో మా పక్కింటి తండ్రీ కూతురూ షెడ్డులో రేసు కారుకు సీటు బెల్టులు బిగిస్తున్నారు. శనివారం మట్టి ట్రాక్ మీద పందెం. మధ్యలో రేకు గోడే కనక మాటలన్నీ నాకు వినిపించాయి.

“నడుం పట్టీ పొట్ట మీదికొచ్చింది నాన్నా.”

“కిందికి లాక్కో. తుంటి ఎముకల మీద ఉండాలి.”

“లాగాను. ఈ భుజం పట్టీలు చూడు, బెత్తెడు పైన తేలుతున్నాయి.”

“గట్టిగా బిగిస్తే సరిపోతుందిలే.”

“సరిపోదని నాకు నేర్పిందే నువ్వు. ఈ పట్టీలు కట్టే వెనక కడ్డీ, కూచున్నవాళ్ళ భుజాలకు సమంగా ఉండాలన్నావు. ఎప్పుడు వెల్డింగ్ చేశావు?”

“మంగళవారం.”

“నేను ఎడిలైడ్ వెళ్ళిన రోజు. ఎవర్ని కూచోబెట్టి కొలిచావు?”

“ఎవర్నీ కూచోబెట్టలేదు.”

“నాన్నా, ఇది నీ భుజాల ఎత్తు.”

“మెడ ఇప్పుడు నయంగానే ఉంది.”

“పొద్దున టీ తాగడానికి తల ఎత్తలేకపోయావు. ఇంకో కుదుపు తగిలితే చెయ్యి పడిపోతుందన్నాడు డాక్టరు. సీటు నాకిస్తానని అమ్మ ముందు ఒప్పుకున్నావు.”

“ఈ ఒక్క పందెమే అనుకున్నా. ఆఖరిది.”

“పోయినేడూ ఆఖరిదే.”

“పెద్ద లాయరువయ్యావే!”

“నీకు చెప్పీ చెప్పీ అలిసిపోయాను నాన్నా.”

“నేనూ అలిసిపోయానమ్మా.”

పనిముట్ల డబ్బా తెరిచిన చప్పుడైంది.

“నిటారుగా కూచో. నీ భుజం దగ్గర సుద్దగీత పెడతా. కడ్డీ కోసి కిందికి దించాలి.”

“ఇలాగా?”

“అలా ముడుచుకోకు. నీ సీట్లో నువ్వు కూచున్నట్టు కూచో.”